విరిగిన చేతికి రెండున్నర లక్షలేనా?

ప్రశ్న:

గోదావరి జిల్లాల్లోని ఒక పల్లె నుంచి ఒక సోదరి పంపిన ఉత్తరం ఇది. కూతురికి చెప్పి రాయించారు. చివర సంతకం మాత్రం తనే ఎడమ చేత్తో పెట్టారు.

ఆమె వయసు 38. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతారు, పెళ్లిళ్ల సీజన్లో మగ్గం వర్క్ కూడా చేస్తారు. నెలకు దాదాపు 12,000 వచ్చేవట. నాలుగు నెలల క్రితం తమ్ముడి స్కూటరు వెనక కూర్చుని వెళ్తుంటే ఒక కారు వెనక నుంచి గుద్దింది. కుడి మణికట్టు, మోచేయి విరిగాయి. ఆపరేషన్ చేసి ప్లేట్లు వేశారు. ఆసుపత్రికి, మందులకు 1,90,000 ఖర్చయింది. అందుకోసం బంగారం కుదువ పెట్టారు. చెయ్యి మునుపటిలా తిరగదని, ప్లేట్లు తీయడానికి మళ్లీ ఆపరేషన్ అవసరం కావచ్చని డాక్టరు అన్నారు.

కారు పక్క ఊరి వాళ్లది. నడిపింది వాళ్ల అబ్బాయి. పోలీసులు ఎఫ్‌ఐఆర్ రాశారు. ఇప్పుడు వాళ్లు పెద్దమనుషులను పంపి "రెండున్నర లక్షలు ఇస్తాం, స్టాంపు పేపరు మీద రాజీ రాసివ్వండి" అంటున్నారు. భర్త "ఖర్చులు పోను అరవై వేలు మిగులుతాయి కదా, కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక మనకెక్కడిది" అంటున్నారు. మరిది వాళ్ల దగ్గరే పని చేస్తున్నాడు కాబట్టి అత్తగారు కూడా ఒప్పుకోమంటున్నారు. తమ్ముడు మాత్రం "యాభై లక్షలకు కేసు వేద్దాం, వాళ్లకు బుద్ధి రావాలి" అని పట్టు పడుతున్నాడు. ఆసుపత్రిలో ఉండగానే ఎవరో ఒకతను వచ్చి, వచ్చినదాంట్లో మూడో వంతు ఇస్తే కేసు తామే చూసుకుంటామని చెప్పి, ఖాళీ కాగితాల మీద సంతకం అడిగాడు. ఈమె పెట్టలేదు.

ఆమె అడిగినవి ఇవి. ఆ రెండున్నర లక్షలు న్యాయమైన మొత్తమేనా? ఆదాయానికి ఏ కాగితమూ లేని కుట్టుపని మనిషి ఏమని అడగగలదు? చివరి ప్రశ్న ఆమె మాటల్లోనే: "నొప్పికి డబ్బు అడగడం దెబ్బను అమ్ముకున్నట్టు ఉండదా? నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు."

సమాధానం:

అమ్మా, ముందు ఒక తేదీ గురించి చెప్పాలి. మిగతావి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు, ఇది ఆగదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపు పరిహారం పిటిషన్ వేయాలి. ఈ నిబంధన 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. మీకు నాలుగు నెలలు గడిచిపోయాయి. ఈ గడువు మీద సుప్రీంకోర్టులో విచారణ నడుస్తోంది. గడువు దాటిందన్న ఒక్క కారణంతో పిటిషన్లు కొట్టేయవద్దని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు (తుది తీర్పు వచ్చేదాకా నడిచే ఉత్తర్వు) కూడా వచ్చింది. కానీ మధ్యంతర ఉత్తర్వు రేపు ఎటు తిరుగుతుందో చెప్పలేం, దాన్ని నమ్ముకుని మీరు ఆగవద్దు. పెద్దమనుషులు "వచ్చే నెల మాట్లాడుకుందాం" అని ఒకటికి రెండుసార్లు వాయిదా వేస్తే మీ చేతిలో ఉన్న రెండు నెలలూ అలాగే కరిగిపోతాయి. రాజీకి ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా, ఈ గడువు మాత్రం మనసులో పెట్టుకోండి.

ఇక మీ చివరి ప్రశ్న నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే మిమ్మల్ని నిద్రపోనివ్వనిది అదే. దెబ్బను ఎవరూ అమ్ముకోలేరు. అమ్ముకునే వస్తువైతే దానికి మీరు ధర చెప్పాలి, ఇష్టం లేకపోతే మానుకోవాలి. మీకు ఆ అవకాశం ఎవరిచ్చారు? ఒక మనిషి అజాగ్రత్త వల్ల మీ నుంచి కొన్ని పోయాయి. కొన్ని డబ్బు రూపంలో పోయాయి, కొన్ని డబ్బుతో సంబంధం లేని రూపంలో పోయాయి. రెండో రకం వాటిని తిరిగి తెచ్చే దారి చట్టానికీ లేదు. అందుకే, తెచ్చివ్వలేనిదానికి గుర్తుగా కొంత మొత్తం ఇప్పిస్తుంది. మీ బాధ ఖరీదు అంతేనని దాని అర్థం కాదు. ఆ బాధను లేనట్టు వదిలేయకూడదని మాత్రమే.

పైగా ఆ డబ్బు ఎవరి జేబులోంచి వస్తుందో మీ ఇంట్లో ఎవరూ ఆలోచించినట్టు లేదు. రోడ్డెక్కే ప్రతి బండికీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, అంటే ఆ బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి బీమా, ఉండి తీరాలి. అది ఉన్నదే మీలాంటి వారి కోసం. వాళ్ల కారుకు పాలసీ ఉంటే మీకు పరిహారం చెల్లించాల్సింది ఇన్సూరెన్స్ కంపెనీ, పక్క ఊరి కుటుంబం కాదు. మరి వాళ్లెందుకు సొంత డబ్బు ఇస్తామని వెంటపడుతున్నారు? కేసు టెన్షన్ వదిలించుకోవడానికి కావచ్చు, నిజంగానే బాధపడి కావచ్చు. ఇంకో కారణం కూడా ఉండొచ్చు. కారు నడిపిన అబ్బాయికి లైసెన్స్ ఉందో లేదో మీకు తెలియదని రాశారు. సరైన లైసెన్స్ లేకపోతే, సాధారణంగా కంపెనీ మీకు ముందు చెల్లించి, ఆ మొత్తాన్ని తర్వాత కారు యజమాని దగ్గర వసూలు చేసుకునేలా ఉత్తర్వు వస్తుంది. అదే వాళ్ల భయమైతే, భయం వాళ్లది, మీ హక్కు తగ్గదు. పోలీసుల దగ్గర ఎఫ్‌ఐఆర్ నకలుతో పాటు కారు ఇన్సూరెన్స్, ఆర్సీ, లైసెన్స్ వివరాలు అడిగి తీసుకోండి. మిగతా నిర్ణయాలన్నీ వీటిని చూశాకే.

ఇప్పుడు రెండున్నర లక్షల సంగతి. మీ వారు దాన్ని ఒకే ముద్దగా చూస్తున్నారు. ఆసుపత్రి ఖర్చు తీసేసి మిగిలింది లాభం అన్నట్టు లెక్క వేస్తున్నారు. ఆయన్ని తప్పు పట్టను. బంగారం కుదువలో ఉన్న మనిషికి అలాగే కనిపిస్తుంది. కానీ కోర్టు లెక్క అలా నడవదు. గాయపడిన మనిషికి ఏయే పద్దుల కింద ఇవ్వాలో సుప్రీంకోర్టు 2010లో రాజ్ కుమార్ కేసులో విడమరిచి చెప్పింది. వైద్యం ఖర్చు ఆ పద్దుల్లో ఒకటి మాత్రమే.

ఆ ఒక్క పద్దు కూడా మీరు అనుకుంటున్న దానికంటే పెద్దది. మందులు, ఆపరేషన్‌తో పాటు ఆసుపత్రికి తిరిగిన ఆటో, కారు కిరాయిలు, డాక్టరు తినమన్న బలమైన ఆహారం కూడా దీని కిందికే వస్తాయి. మీ అమ్మగారు రెండు నెలలు మీ దగ్గరే ఉండి తల దువ్వడం దగ్గర్నుంచి అన్నం తినిపించడం దాకా చేశారని రాశారు. "అమ్మే కదా" అని మీరు దాన్ని లెక్కలో వేయలేదు. సొంత మనిషి చేసినా అది సేవే. ఆవిడ లేకపోతే జీతమిచ్చి ఒకరిని పెట్టుకోవాల్సి వచ్చేది. ఆసరా మనిషి ఖర్చు కింద దాన్ని అడగవచ్చు. బిల్లులు ఉన్నవన్నీ తేదీల వారీగా ఒక ఫైల్లో పెట్టండి. బిల్లు లేని చిన్న ఖర్చులు ఒక కాగితం మీద రాసుకోండి, సమంజసంగా కనిపించినంత వరకు ఇస్తారు.

తర్వాతిది, మంచాన పడి ఉన్న రోజుల సంపాదన. నెలకు 12,000 చొప్పున నాలుగు నెలలకే 48,000. అంటే మీ వారు మిగులుతుందంటున్న అరవై వేలల్లో చాలా భాగం మీరు ఇప్పటికే పోగొట్టుకున్న జీతమే. ఇంకా కుదువ వడ్డీ కలపలేదు.

అసలు పెద్ద పద్దు మూడోది. కొంచెం ఓపిగ్గా చదవండి, మీ ఇంట్లో వాళ్లకూ చదివి వినిపించండి. గాయం మానిన తర్వాత కూడా సంపాదించే శక్తి తగ్గిపోతే, ఆ తగ్గుదలకు పరిహారం ఉంటుంది. ఇక్కడ చూసేది డాక్టరు రాసిన వైకల్య శాతం ఒక్కటే కాదు, ఆ వైకల్యం మీ పని మీద ఎంత దెబ్బ కొట్టిందన్నది. రాజ్ కుమార్ తీర్పులోనే దీనికి ఉదాహరణ ఉంది. ఎడమ చెయ్యి పోతే వైకల్యం 60 శాతం అనుకుందాం. ఆ మనిషి డ్రైవరో వడ్రంగో అయితే సంపాదన దాదాపు మొత్తం పోయినట్టే. ప్రభుత్వ ఆఫీసులో గుమస్తా అయితే ఉద్యోగం పోకపోవచ్చు. ఒకే గాయం, వేరు వేరు నష్టాలు. 2014లో సయ్యద్ సాదిక్ కేసులో కాలు పోయిన ఒక కూరగాయల వ్యాపారి గురించి, "ఒకచోట కూర్చుని అమ్ముకోవచ్చు కదా" అన్న వాదనను సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆయన సంపాదన శక్తిలో 85 శాతం పోయినట్టు లెక్క కట్టింది.

మీ పని తీసుకోండి. మగ్గం మీద పైన ఒక చెయ్యి సూది నడపాలి, కింద ఇంకో చెయ్యి దారం అందించాలి. కటింగ్‌కి కత్తెర తిప్పేది మణికట్టే. గుడ్డను సూది కిందికి తోస్తూ మలుపు తిప్పేదీ మణికట్టే. ఇవి తెలియనివాళ్లు "చెయ్యి ఉంది కదా, కదులుతోంది కదా" అంటారు. మీ వకీలుకు కూడా ఇది తెలియకపోవచ్చు. మీరే విడమరిచి చెప్పాలి, కోర్టులో సాక్ష్యం చెప్పేటప్పుడు కూడా ఇలాగే చెప్పాలి.

లెక్క ఎలా కడతారంటే, నెల ఆదాయానికి ముందు ముందు పెరిగే అవకాశాన్ని కలుపుతారు. సొంత పని చేసుకునే వాళ్లకు వయసు 40 లోపు అయితే అది 40 శాతం. ఏడాదికి లెక్క కట్టి, వయసును బట్టి నిర్ణయించిన అంకెతో హెచ్చిస్తారు. 36 నుంచి 40 ఏళ్ల వారికి ఆ అంకె 15. చివరికి, సంపాదన శక్తి ఎంత శాతం తగ్గిందో అంత తీసుకుంటారు. మీ 12,000కు 40 శాతం కలిపితే 16,800. ఏడాదికి 2,01,600. పదిహేనుతో హెచ్చిస్తే 30,24,000. మీ శక్తి 20 శాతం తగ్గిందని తేలితే ఈ ఒక్క పద్దు కిందే 6,04,800 అవుతుంది. 30 శాతమని తేలితే 9,07,200. కోర్టు మీ ఆదాయాన్ని నమ్మక 8,000 దగ్గరే ఆగిపోతే, 20 శాతానికి 4,03,200.

ఈ అంకెలు చూసి ఇంత వస్తుందని అనుకోవద్దు. శాతం ఎంతన్నది మీ చెయ్యి చివరికి ఎక్కడ నిలబడుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఫిజియోథెరపీతో బాగా కోలుకుంటే ఈ పద్దు చాలా చిన్నదవుతుంది, అసలు లేకుండానూ పోవచ్చు. అలా పోతే మీకంటే సంతోషించేవాళ్లు ఉండరు, నాకు తెలుసు. నేను చెప్పేది ఇంతే: ఆ సంగతి ఇంకా తేలలేదు. చెయ్యి ఎంతవరకు తిరుగుతుందో డాక్టరే చెప్పలేని రోజుల్లో "ఇక నాకు ఏమీ రావాల్సింది లేదు" అని సంతకం పెట్టమంటున్నారు. నాకు అన్నిటికంటే అన్యాయంగా కనిపిస్తోంది ఇదే.

ఆదాయానికి కాగితం లేదన్న దిగులు చాలామంది మహిళల ఉత్తరాల్లో చూస్తుంటాను. జీతం చీటీ లేనంత మాత్రాన ఆదాయం లేనట్టు కాదు. కూలి పనివాళ్లకు, చిన్న వ్యాపారులకు ఏ పత్రమూ లేకపోయినా, పనిని బట్టి, కాలాన్ని బట్టి ఆదాయం అంచనా వేయాలని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. అయినా కోర్టు అంచనాకు వదిలేయడం కంటే మీరు చూపించగలిగినంత చూపించడం మేలు. కొలతలు రాసుకునే నోటు పుస్తకం ఉంటుంది కదా, ఎవరి జాకెట్టు, ఏ తేదీ, ఎంత అడ్వాన్సు అని. అది మీ అకౌంట్ పుస్తకమే. ఫోన్‌పేలో వచ్చిన డబ్బుల వివరాలు, వాట్సాప్‌లో కస్టమర్లకు పంపిన డిజైన్ల ఫొటోలు, లైనింగ్ గుడ్డలు, పూసలు కొన్న బిల్లులు, మిషన్ కోసం డ్వాక్రా సంఘంలో తీసుకున్న లోన్ పాస్‌బుక్, అన్నీ పనికొస్తాయి. ఏళ్లుగా మీ దగ్గర కుట్టించుకుంటున్న ఒకరిద్దరు వచ్చి చెప్పినా విలువ ఉంటుంది. ఫోను మార్చినా, పాడైనా ఆ ఫొటోలు పోకుండా చూసుకోండి.

ఇంకో మాట, మీరు ఉత్తరంలో ఎక్కడా రాయనిది. మీరు ఇంటి పని కూడా చేసేవారు. వంట, బట్టలు, పిల్లలు, పెద్దావిడ మందులు. ఇంటి పనికి విలువ కట్టాల్సిందేనని 2021లో కీర్తి కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అది మరణించిన వారి కేసే అయినా, అందులోని సూత్రం మీ వకీలు వాడుకోదగినదే. ఈ నాలుగు నెలలు మీ ఇంట్లో ఆ పనులు ఎవరు చేశారో, అందుకు ఎవరు ఏం మానుకున్నారో గుర్తు తెచ్చుకోండి.

ప్లేట్లు తీసే ఆపరేషన్, ఇంకా కొన్నాళ్లు సాగే ఫిజియోథెరపీ భవిష్యత్తు వైద్యం కిందికి వస్తాయి. దీనికి నోటి మాట చాలదు. ఎప్పుడు, ఎంత ఖర్చు కావచ్చో మీ ఎముకల డాక్టరు చేత రాయించుకోండి. వైకల్యం సర్టిఫికెట్ కూడా మీకు ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గర గానీ, ప్రభుత్వ మెడికల్ బోర్డు దగ్గర గానీ తీసుకోండి. ఎవరో తెలిసినవాళ్లు పెద్ద శాతం రాయిస్తామంటే వెళ్లకండి. అలాంటి సర్టిఫికెట్లను కోర్టులు అనుమానంగా చూస్తాయి. ఉన్న నిజమైన నష్టం మీద కూడా నమ్మకం పోతుంది. అందులో రాసిన శాతం చేతికా, మొత్తం శరీరానికా అన్నది స్పష్టంగా ఉండేలా చూసుకోండి. చాలా కేసుల్లో తికమక అక్కడే వస్తుంది.

ఇవన్నీ డబ్బుతో లెక్క కట్టగలిగినవి. ఇక మిగిలినవి. విరిగిన ఎముకతో రోడ్డు మీద పడి ఉన్న ఆ అరగంట, ఆపరేషన్లు, రాత్రుల నొప్పి ఒక పద్దు. జీవితంలోని మామూలు సుఖాలు పోవడం ఇంకో పద్దు. మీ కూతురు తనంతట తానే ఒక వాక్యం కలిపినట్టుంది: "అమ్మ ఇప్పుడు ముగ్గు వేయడం లేదు, నా జడ నాన్న వేస్తున్నాడు." రెండో పద్దు అంటే సరిగ్గా అదే. ఆయుష్షు తగ్గేంత గాయాలకు వేరే పద్దు ఉంది, పెళ్లికాని వాళ్లకు పెళ్లి అవకాశాలు దెబ్బతింటే దానికీ ఉంది. అవి మీకు వర్తించవు. నొప్పికీ సుఖాలకూ కోర్టులు ఇచ్చే మొత్తాలు నా అభిప్రాయంలో ఇప్పటికీ తక్కువే. కానీ ఇస్తారు. అడగడానికి సిగ్గుపడకండి.

మీ తమ్ముడి కోపం నాకు అర్థమైంది. కళ్ల ముందే అక్క పడిపోయింది. కానీ బుద్ధి చెప్పడం ఈ కేసు పని కాదు. శిక్ష సంగతి ఎఫ్‌ఐఆర్ మీద నడిచే క్రిమినల్ కేసు చూసుకుంటుంది. పరిహారం మీ నష్టాన్ని చూస్తుంది, అవతలి వాళ్ల పొగరును కాదు. పిటిషన్లో యాభై లక్షలు రాసినంత మాత్రాన యాభై రావు. తక్కువ రాశామని భయమూ అక్కర్లేదు, న్యాయమైన మొత్తం మీరు అడిగిన దానికంటే ఎక్కువని తేలితే ఎక్కువే ఇవ్వొచ్చు. తమ్ముడు సడన్‌గా బ్రేక్ వేశాడని, మీకు హెల్మెట్ లేదని వాళ్లు అంటున్నారని రాశారు. వెనక కూర్చున్న మీరు ఏ తప్పూ చేయలేదు. రెండు బండ్లవాళ్ల తప్పూ ఉన్నా, ప్రయాణికురాలు మొత్తం పరిహారాన్ని ఇద్దరిలో ఎవరి నుంచైనా కోరవచ్చని 2015లో సుప్రీంకోర్టు తేల్చింది. హెల్మెట్ పెట్టుకోవాల్సిందే, ఇకమీదట తప్పకుండా పెట్టుకోండి. కానీ విరిగింది చెయ్యి. హెల్మెట్ ఉన్నా ఆ మణికట్టు విరిగేదే. ఆ పేరుతో మీ పరిహారం తగ్గించాలంటే, గాయానికీ హెల్మెట్ లేకపోవడానికీ సంబంధం చూపించాలి.

మీ ముందున్న దారులు ఇప్పుడు చూద్దాం.

వాళ్లిచ్చే రెండున్నర లక్షలు తీసుకుని రాసివ్వడం ఒక దారి. డబ్బు వెంటనే వస్తుంది, బంగారం ఇంటికి వస్తుంది, మరిది ఉద్యోగం గొడవ ఉండదు. కానీ రెండో ఆపరేషన్ ఖర్చు మీ మీదే పడుతుంది. తర్వాత చెయ్యి పనికి రాకపోతే ఆ స్టాంపు పేపరే మీకు అడ్డం పెడతారు. ఒక విషయం కూడా తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టంలో 164వ సెక్షన్ ఉంది. తప్పు ఎవరిదో రుజువు చేయాల్సిన పనే లేకుండా, తీవ్ర గాయానికి అది ఇచ్చే మొత్తం రెండున్నర లక్షలు. ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్ర గాయమే. అంటే పెద్దమనుషులు ఎంతో ఉదారంగా చెబుతున్న మొత్తం, ఎవరి దయా అవసరం లేకుండా చట్టం కనీసంగా పెట్టినదే. అయితే ఆ సెక్షన్ కింద డబ్బు తీసుకుంటే, పూర్తి పరిహారం కోసం వేసిన పిటిషన్ రద్దవుతుంది. తొందరపడి దాన్నీ ఎంచుకోకండి.

ఇన్సూరెన్స్ కంపెనీతో నేరుగా సెటిల్ చేసుకోవడం రెండోది. ప్రమాదం సమాచారం అందాక కంపెనీ అధికారి 30 రోజుల్లో ఒక మొత్తం ప్రతిపాదించాలని చట్టం చెబుతోంది. మీరు ఒప్పుకుంటే ట్రిబ్యునల్ (ప్రమాద పరిహారం కేసులు చూసే కోర్టు) దాన్ని నమోదు చేస్తుంది, ఆ తర్వాత 30 రోజుల్లో చెల్లించాలి. నచ్చకపోతే ఒప్పుకోనక్కర్లేదు, కేసు మామూలుగా విచారణకు వెళ్తుంది. ఆ మొత్తంలో భవిష్యత్తు సంపాదన, రెండో ఆపరేషన్ ఉన్నాయో లేవో చూశాకే తల ఊపండి.

మూడోది, 166వ సెక్షన్ కింద ట్రిబ్యునల్లో పిటిషన్. మీరు ఉంటున్న ప్రాంతంలోనే వేయవచ్చు, ప్రమాదం జరిగిన చోటికి తిరగక్కర్లేదు. ఇక్కడ అవతలి వాళ్ల అజాగ్రత్త మీరు చూపించాలి, అయితే క్రిమినల్ కేసులో కావాల్సినంత గట్టి రుజువు అక్కర్లేదు. మీ వారు భయపడేది ఆలస్యానికి. ఆ భయం నిజమే, ఏళ్లు పట్టవచ్చు. దానికి కొంత ఊరట, పిటిషన్ వేసిన రోజు నుంచి వడ్డీ ఇస్తారు, మామూలుగా 6 నుంచి 9 శాతం మధ్య. మధ్యలో లోక్ అదాలత్‌లో రాజీకి కూడా వీలుంటుంది. అప్పటికి మీ వైకల్యం ఎంతో తేలి ఉంటుంది కాబట్టి ఆ రాజీ ఇప్పటి రాజీలాంటిది కాదు. కానీ లోక్ అదాలత్ తీర్పు మీద అప్పీలు ఉండదు. ఆ రోజు కూడా అంకె మీద తొందర వద్దు.

ఇంకో మధ్య దారి కూడా ఉంది. వాళ్లకు నిజంగా మీ మీద జాలి ఉంటే, ఆసుపత్రి ఖర్చుల మటుకు ఇప్పుడు ఇవ్వమనండి. "వైద్యం ఖర్చుల కింద ఇంత ముట్టింది, ఇది పూర్తి పరిహారం కాదు" అని రసీదులో రాయించండి. ఆ మొత్తాన్ని తర్వాత వచ్చే పరిహారంలోంచి తగ్గిస్తారు, అది న్యాయమే. బంగారం విడిపించుకోవచ్చు, మీ హక్కూ పోదు. ఈ మాటకు వాళ్లు ఒప్పుకోకపోతే, వాళ్లకు కావాల్సింది సాయం చేయడమా, సంతకమా అన్నది మీ అత్తగారికి కూడా అర్థమవుతుంది.

నన్నడిగితే ఎటు మొగ్గుతానో దాచను. పిటిషన్ వేసి, చెయ్యి సంగతి తేలేదాకా పూర్తి రాజీ మాట ఎత్తకుండా, ఈ మధ్య దారిని ప్రయత్నిస్తాను. కానీ మరిది జీతం, పక్క ఊరితో రోజూ ముఖాముఖాలు, ఇంట్లో మాటలు, ఇవన్నీ భరించాల్సింది మీరు, నేను కాదు. ఆ బరువు తూచి మీరు రెండున్నర లక్షలకు ఒప్పుకున్నా నేను తప్పు పట్టను. అప్పుడు కనీసం, రెండో ఆపరేషన్ ఖర్చు విడిగా ఇస్తారన్న మాట కాగితం మీద రాయించుకోండి.

ఖాళీ కాగితాల మనిషికి సంతకం పెట్టకపోవడం చాలా మంచి పని చేశారు. వచ్చేదాంట్లో వాటా మాట్లాడుకుని కేసు చేయడం వకీళ్లకు బార్ కౌన్సిల్ నియమాలే నిషేధించాయి. మీకు వకీలు ఉచితంగా దొరుకుతారు. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, లేదా 15100 నంబరుకు ఫోన్ చేయండి.

మీ వారితో మాట్లాడేటప్పుడు "కేసు వేద్దాం" అని మొదలుపెట్టకండి. కోర్టు అనే మాట వినగానే ఆయన చెవులు మూసుకుంటారు. అమ్మాయి చేత ఒక తెల్ల కాగితం మీద పద్దులు రాయించండి: ఆసుపత్రి, నాలుగు నెలల కుట్టు డబ్బు, అమ్మ చేసిన సేవ, కుదువ వడ్డీ, రెండో ఆపరేషన్, రేపటి నుంచి తగ్గిపోయే సంపాదన. చివరి రెండింటికి ఎదురుగా అంకె రాయకుండా ఖాళీ వదిలేయండి. ఆ ఖాళీల్లో ఏం రాయాలో డాక్టరును అడగడానికి ఈ వారంలో ఇద్దరూ కలిసి వెళ్లండి. అక్కడికి వెళ్లి వచ్చేదాకా, పెద్దమనుషులు ఎన్నిసార్లు వచ్చినా, "డాక్టరు ఇంకా ఏమీ తేల్చలేదండీ" అని మాత్రం చెప్పి పంపండి.